‘అవుట్‌కమ్’కి తెలుగులో ఏం రాయాలి? ‘ఫలితం’ అని రాస్తే అర్థం మారిపోతోంది

వెన్నెల_అనువాదం
సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను, సాయం కావాలి.

నేను వైద్యానికి సంబంధించిన పత్రాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తుంటాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది, గుండె జబ్బుకి ఒక కొత్త మందు మీద జరిగే అధ్యయనంలో చేరేవాళ్లకి ఇచ్చే సమాచార పత్రం. అందులో ‘అవుట్‌కమ్’ పదకొండు చోట్ల వచ్చింది. ‘రిజల్ట్’ ఉంది, ‘కాన్సీక్వెన్స్’ కూడా ఉంది. మొదటి విడతలో అన్నిటికీ చేతికి అలవాటైన ‘ఫలితం’ రాసుకుంటూ పోయాను.

రాత్రి మళ్లీ చదువుకుంటే ఒక వాక్యం దగ్గర గుండె ఝల్లుమంది.

“ఈ అధ్యయనం ప్రధాన ఫలితం: ఆరు నెలల లోపు గుండెపోటు.”

మూలంలో చెప్పింది వేరు. ఆరు నెలల్లో ఎవరికి గుండెపోటు వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ముఖ్యంగా లెక్క చూస్తారని. నా తెలుగేమో ఇందులో చేరితే గుండెపోటు వస్తుందన్నట్టుంది. సంతకం పెట్టాల్సిన మనిషి ఇది చదివితే ఏమనుకోవాలి?

‘అవుట్‌కమ్’ అంటే ‘ఫలితం’ అనే అన్ని నిఘంటువుల్లోనూ ఉంది. మరి ఇక్కడ ఎందుకు తేడా కొడుతోంది? మీరైతే ఏం రాస్తారు?

---

పలకబలపం
సోమవారం, ఉదయం 11:05

వెన్నెల గారూ, దీనికి తెలుగు మీడియం లెక్కల పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. ‘పర్యవసానం’. సంభావ్యత పాఠంలో ‘అవుట్‌కమ్’ని పర్యవసానం అని, ‘ఈవెంట్’ని ఘటన అని అంటాం. నేను ఏళ్ల తరబడి అలాగే చెబుతున్నాను, పిల్లలకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

లెక్కల్లో ఈ మాట ఎంత ఖచ్చితంగా ఉంటుందో చూడండి. రెండు పాచికలు వేస్తే 36 పర్యవసానాలు. మొత్తం 7 రావడం అనేది ఘటన, దానికి అనుకూలమైన పర్యవసానాలు 6. ఏది పర్యవసానం, ఏది ఘటన అన్నది కలిపేసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. ఇది పెద్దవాళ్లకీ జరిగింది. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే తీసుకున్నాడు. నాణెం రెండుసార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత? మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే కాబట్టి మూడే పర్యవసానాలు అనుకున్నాడు: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, రెండూ బొరుసులు. మూడూ సమానమే అనుకుని మూడింట రెండు వంతులు అని తేల్చాడు. అసలు జవాబు నాలుగింట మూడు వంతులు. నాణేన్ని రెండోసారి వేసినా వేయకపోయినా, మొదట బొమ్మ పడడమనే ఒక్క దారిలో రెండు పర్యవసానాలు దాగి ఉన్నాయి. ఆయన వాటిని ఒకటిగా లెక్కపెట్టాడు.

కాబట్టి ‘ప్రధాన పర్యవసానం’ అని రాసుకోండి. తప్పు లేదు.

---

రాత్రిడ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 2:40

నేను నర్సుని. ఇలాంటి అధ్యయనాల్లో చేరేవాళ్లకి పత్రం చదివి వినిపించి, సందేహాలు తీర్చి, సంతకం తీసుకునే పని కొన్నేళ్లు చేశాను. పలకబలపం గారి మాట గౌరవిస్తూనే ఒకటి చెబుతాను. ‘పర్యవసానం’ అని మాత్రం రాయకండి.

ఒక పెద్దావిడకి పత్రం చదువుతున్నాను. చేతిలో కళ్లజోడు ఉంది కానీ పెట్టుకోలేదు, నా నోటి వంకే చూస్తూ వింటోంది. “చికిత్స పర్యవసానాలను నమోదు చేస్తారు” అన్న వాక్యం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది. “పర్యవసానాలంటే... ఏమన్నా అవుతుందా అమ్మా?” అంది. అప్పటిదాకా ధైర్యంగానే ఉంది. ఆ ఒక్క మాటతో ముఖం మారిపోయింది. “ఏమీ కాదమ్మా, మందు వేసుకున్నాక మీరు ఎలా ఉన్నారో రాసుకుంటారు, అంతే” అన్నాను. “అట్లా రాయొచ్చు కదా మరి” అంది.

ఆ రోజు నుంచి నాకు ఆ మాట చదవాలంటే భయం. బయట మామూలు తెలుగులో ‘పర్యవసానం’ ఎక్కడ వింటాం? “దీని పర్యవసానం తీవ్రంగా ఉంటుంది” అనే చోట. లెక్కల పుస్తకంలో ఆ మాటకి మంచీ చెడూ లేదు, నిజమే. మంచం మీద ఉన్న మనిషి చెవికి మాత్రం అది హెచ్చరికే.

---

నిఘంటువు_ప్రియ
సోమవారం, సాయంత్రం 6:15

రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఆ పెద్దావిడ మాట చాలా విలువైనది. “అట్లా రాయొచ్చు కదా మరి.”

వెన్నెల గారి రెండో ప్రశ్నకి, అంటే ‘ఫలితం’ ఎందుకు తేడాగా ధ్వనిస్తోంది అన్నదానికి, మాటల పుట్టుకలోనే జవాబు ఉందనుకుంటున్నాను. కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ఫలం అంటే పండు. ఫలితం అంటే పండినది, కాసినది. పండు ఉందంటే చెట్టు ఉండి తీరాలి. అందుకే తెలుగులో ‘ఫలితం’ అనగానే మనసు ‘దేని ఫలితం?’ అని వెనక్కి వెళ్తుంది. ‘ఫలితంగా’ అనే మాటకి ముందు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. “ప్రధాన ఫలితం గుండెపోటు” అన్నప్పుడు చదివేవాళ్లు కారణం కోసం వెతుకుతారు, ఎదురుగా కనిపించేది అధ్యయనమో మందో. నేరం దాని మీద పడిపోతుంది.

ఇంగ్లీషులో ‘రిజల్ట్’ కూడా ఇలాంటిదే. లాటిన్‌లో దాని మూలానికి అర్థం వెనక్కి ఎగరడం, తగిలి తిరిగి రావడం. బంతి గోడకి తగిలి తిరిగొచ్చినట్టు. గోడ లేకుండా తిరిగి రావడం ఉండదు. ‘కాన్సీక్వెన్స్’ అంటే వెంట వచ్చేది, ఒకదాని వెనకే నడిచేది. ‘ఎఫెక్ట్’ అంటే చేసి బయటికి తెచ్చినది. ఈ మూడింట్లోనూ కారణంతో ముడి గట్టిగా ఉంది.

‘అవుట్‌కమ్’ ఒక్కటే అచ్చ ఇంగ్లీషు ముక్కలతో కట్టిన మాట: బయటికి, రావడం. ఈ అర్థంలో అది 18వ శతాబ్దం చివర స్కాట్లండ్ ఇంగ్లీషులో కనిపించి, తర్వాత అందరి ఇంగ్లీషులోకీ వచ్చింది. అందులో కారణం గురించి మాట లేదు. ఒక వ్యవహారం నడిచింది, చివరికి ఏది బయటపడిందో అది. ఎందుకు బయటపడిందో ఆ మాట చెప్పదు.

దీనికి దగ్గరి చుట్టం ‘అప్‌షాట్’. విలువిద్య పోటీలో వేసే ఆఖరి బాణాన్ని అలా అనేవారు. ఆ బాణంతో ఎవరు గెలిచారో తెలిసిపోతుంది కాబట్టి, చివరికి తేలిన సంగతికి ఆ మాట స్థిరపడింది.

---

వెన్నెల_అనువాదం
సోమవారం, రాత్రి 8:50

నిఘంటువు_ప్రియ గారూ, ఒక్కసారిగా వెలుగు వచ్చింది. అధ్యయనం చేసేదే మందుకీ గుండెపోటుకీ సంబంధం ఉందో లేదో తెలుసుకోవడానికి. అది ఇంకా తెలియదు. తెలియని సంబంధాన్ని నేను ‘ఫలితం’ అనే ఒక్క మాటతో ముందే ఖాయం చేసేశాను. తప్పు అక్కడ జరిగింది.

---

కొత్తగా_నేర్చుకుంటున్నా
సోమవారం, రాత్రి 9:30

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. నాకు మూడు సందేహాలు.

‘యాజ్ ఎ రిజల్ట్’ అంటారు కదా, అలాగే ‘యాజ్ యాన్ అవుట్‌కమ్’ అనొచ్చా? మా ఆఫీసు మెయిల్స్‌లో అలా రాస్తుంటే చూశాను.

‘అవుట్‌కమ్’కి వ్యతిరేకం ‘ఇన్‌కమ్’ అవుతుందా?

‘రిజల్ట్’ని క్రియగా వాడతాం, ‘అవుట్‌కమ్’ని కూడా వాడొచ్చా?

---

మాటలమూట
మంగళవారం, ఉదయం 7:10

ఏమీ అనుకోవడానికి లేదమ్మా, అడగాల్సిన ప్రశ్నలే.

‘యాజ్ యాన్ అవుట్‌కమ్’ అనరు. మనవాళ్లు ‘రిజల్ట్’ స్థానంలో ‘అవుట్‌కమ్’ పెడితే ఇంకాస్త బాగుంటుందనుకుని అలా రాస్తారు. ‘అందువల్ల’ అని చెప్పాల్సిన చోట ‘యాజ్ ఎ రిజల్ట్’ ఒక్కటే సహజం. నిఘంటువు_ప్రియ చెప్పిన ముడి ఇక్కడా పనికొస్తుంది. కారణం చెప్పే చోట ‘రిజల్ట్’ కావాలి.

‘ఇన్‌కమ్’ అంటే రాబడి, దానికి ఎదురు నిలిచేది ఖర్చు. ‘అవుట్‌కమ్’ ఖర్చు కాదు. రెండు మాటలూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి కానీ వాటి దారులు ఎప్పుడో విడిపోయాయి.

క్రియగా వాడరు. ‘రిజల్టెడ్ ఇన్’ ఉంది, ‘అవుట్‌కమ్డ్’ లేదు.

ఇంకొంచెం చెప్పనివ్వు. పరీక్ష మార్కులు, రక్తపరీక్ష, సెర్చ్‌లో వచ్చేవి, ఆటల స్కోర్లు, వీటికి ‘రిజల్ట్స్’. ఏదో ఒక అంకె, ఒక జాబితా, ఒక చీటీ చేతికి వస్తుంది. చర్చలు, ఆపరేషన్, కోర్టు కేసు, ఎన్నిక, వీటి గురించి ‘అవుట్‌కమ్’ అంటే ఇంకా తేలని సంగతి అనే ధ్వని ఉంటుంది. ‘పాసిబుల్ అవుట్‌కమ్స్’, ‘లైక్లీ అవుట్‌కమ్’ అని ముందే మాట్లాడుకోవచ్చు, జరగకముందే. కూడిక చేస్తే వచ్చేదాన్ని మాత్రం ‘అవుట్‌కమ్’ అనరు, అది ‘రిజల్ట్’. ‘కాన్సీక్వెన్సెస్’ని బహువచనంలో వాడితే చాలాసార్లు చెడు వైపే ఉంటుంది, మనం ‘పర్యవసానాలు’ అన్నట్టే.

పలికేటప్పుడు బరువు మొదటి ముక్క మీద పడుతుంది, ‘అవుట్’ మీద.

---

గ్రామదర్శి
మంగళవారం, ఉదయం 9:45

నేను స్వచ్ఛంద సంస్థలకి ప్రాజెక్టు నివేదికలు రాస్తాను. మాకు ఈ బాధ ఇంకో రకంగా ఉంది. మా దగ్గర ‘అవుట్‌పుట్’, ‘అవుట్‌కమ్’, ‘ఇంపాక్ట్’ మూడూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటాయి. తెలుగు నివేదికలో మూడింటికీ ‘ఫలితాలు’ అని రాసిన పట్టిక నేను కళ్లారా చూశాను. మొదటి గడిలో ‘ఫలితాలు’, రెండో గడిలో ‘ఫలితాలు’, మూడో గడిలో ‘తుది ఫలితాలు’. చదివిన ఊరివాళ్లకి ఏమర్థమవుతుంది?

ఈ తేడాని గట్టిగా నిర్వచించినవాళ్లలో ఓఈసీడీ (పలు దేశాలు కలిసి నడిపే ఆర్థిక సహకార సంస్థ) ఒకటి, 2002లో వచ్చిన పదకోశంలో. సారం చెప్పాలంటే, ఒక పని ద్వారా తయారైన వస్తువులు, సేవలు ‘అవుట్‌పుట్’. వాటి వల్ల కొద్ది కాలంలో, మధ్య కాలంలో వచ్చే మార్పు, లేదా వస్తుందనుకునే మార్పు ‘అవుట్‌కమ్’. దీర్ఘకాలంలో మిగిలేది ‘ఇంపాక్ట్’, అది మంచిదైనా చెడ్డదైనా, అనుకున్నదైనా అనుకోనిదైనా.

చేతులు కడుక్కోవడం మీద తరగతులు పెట్టామనుకోండి. ఎన్ని తరగతులు పెట్టాం, ఎంతమంది వచ్చారు, ఇది ‘అవుట్‌పుట్’. వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక నిజంగా సబ్బుతో చేతులు కడుగుతున్నారా, ఇది ‘అవుట్‌కమ్’. కొన్నేళ్లకి పిల్లల్లో విరేచనాల జబ్బు తగ్గిందా, ఇది ‘ఇంపాక్ట్’.

నేను ఇప్పుడు పట్టికలో ఇలా రాస్తున్నాను: “మేం చేసినవి”, “వాళ్లలో వచ్చిన మార్పు”, “చాలాకాలం నిలిచిన ప్రభావం”. మొదటి గడికి ‘మేం’, రెండో గడికి ‘వాళ్లలో’. ఆ రెండు మాటలతో గడులు కలిసిపోవడం ఆగిపోయింది. రాసేటప్పుడు మాకూ నిజాయితీ వచ్చింది. “40 తరగతులు నిర్వహించాం” అన్నదాన్ని తీసుకెళ్లి రెండో గడిలో పెట్టాలంటే చెయ్యి రాదు. అక్కడ ‘వాళ్లలో’ అని ఉంది కదా.

---

కీబోర్డు_కిరణ్
మంగళవారం, మధ్యాహ్నం 12:30

సాఫ్ట్‌వేర్‌లో మాదీ ఇదే గొడవ. కొత్త ఫీచర్ ఇచ్చామంటే అది ‘అవుట్‌పుట్’. వాడేవాళ్ల పని తేలికైతే అది ‘అవుట్‌కమ్’. మీటింగుల్లో “ఈ నెల అవుట్‌కమ్ ఎన్ని ఫీచర్లు?” అని అడిగితే నాకు టెన్షన్ వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్నే తప్పు.

కానీ నా సలహా వేరు. ‘అవుట్‌కమ్’ అని తెలుగు లిపిలో రాసేస్తే సరిపోదా? ‘రిపోర్ట్’, ‘స్కాన్’, ‘ఆపరేషన్’ రాస్తున్నాం కదా. తప్పు అర్థం వచ్చే తెలుగు మాట కన్నా అర్థం తెలియని ఇంగ్లీషు మాట నయం. కనీసం అడుగుతారు.

---

రాత్రిడ్యూటీ
మంగళవారం, మధ్యాహ్నం 3:20

కిరణ్ గారూ, అడగరు. అదే సమస్య.

‘స్కాన్’ అందరికీ తెలుసు. ‘అవుట్‌కమ్’ ఆఫీసులో ఉన్నవాళ్లకి తెలుసు, ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నవాళ్లకి తెలియదు. తెలియని మాట వస్తే చాలామంది తల ఊపి ఊరుకుంటారు, డాక్టరు దగ్గర తెలియదని చెప్పడానికి మొహమాటం. సమాచార పత్రం మీద సంతకానికి విలువ ఉండేది అర్థమై పెడితేనే.

మా రంగంలో ఈ మాట ఎందుకు అంత ముఖ్యమో కూడా చెబుతాను. వైద్య సేవల నాణ్యతని ఎలా కొలవాలి అన్నదాని మీద అవేడిస్ డోనబేడియన్ అనే వైద్యుడు 1966లో ఒక వ్యాసం రాశారు. మూడు చోట్ల చూడాలన్నారు. ఉన్న వసతులు, సిబ్బంది ఒకటి. చేసిన పని తీరు రెండోది. మూడోది ‘అవుట్‌కమ్’, అంటే చివరికి రోగి ఏమయ్యారు. మంచి యంత్రాలుండొచ్చు, అన్నీ పద్ధతి ప్రకారమే చేయొచ్చు, అయినా ఆ మనిషి లేచి నడిచారా లేదా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న.

అందుకే ‘పేషెంట్ అవుట్‌కమ్స్’ అని ఉన్న చోట నేను “చికిత్స తర్వాత రోగులు ఎలా ఉన్నారు” అని చదువుతాను. ‘పూర్ అవుట్‌కమ్’ని ‘పేలవ ఫలితం’ అని రాసినవాళ్లున్నారు. మనిషి కోలుకోలేదని దాని అర్థం. దాన్ని పేలవం అనడానికి నోరెలా వస్తుంది? ‘ప్రెగ్నెన్సీ అవుట్‌కమ్’ ఇంకా సున్నితం. బిడ్డ క్షేమంగా పుట్టిందా, గర్భం పోయిందా, కడుపులోనే బిడ్డ చనిపోయిందా, ఇవన్నీ అందులో ఉంటాయి. ‘గర్భ ఫలితం’ అంటే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి. “కాన్పు ఎలా జరిగింది, తల్లీబిడ్డా ఎలా ఉన్నారు” అని అడిగితే ఏ జవాబైనా చెప్పడానికి వీలుంటుంది.

---

మందులచీటి
మంగళవారం, సాయంత్రం 5:00

ఫార్మసిస్టుని. ‘రిజల్ట్’కీ ‘అవుట్‌కమ్’కీ తేడా ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం ఒకటి ఉంది, మా చదువులో తప్పకుండా చెబుతారు.

గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో గుండె కొట్టుకోవడం మధ్యమధ్యలో లయ తప్పుతుంటుంది. అలా తప్పేవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారని గమనించారు. లయని సరిచేసే మందులు ఇస్తే బతుకుతారని అనుకోవడం సహజం. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఇస్తే ఈసీజీలో లయ చక్కగా సర్దుకునేది. ‘రిజల్ట్’ చూస్తే బ్రహ్మాండం.

కాస్ట్ అని పిలిచే అమెరికా అధ్యయనంలో ఒక మెట్టు పైకెక్కి అడిగారు: సరే, మనుషులు బతుకుతున్నారా? 1989లో ఆ రెండు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 1991లో అచ్చయిన లెక్క ప్రకారం మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు.

వెన్నెల గారూ, మీ పత్రంలో ‘ప్రైమరీ అవుట్‌కమ్’ గుండెపోటు అని ఉందంటే ఆ అధ్యయనం చేసేవాళ్లు సరైన ప్రశ్నే అడుగుతున్నారు. రక్తపరీక్ష అంకెతో సరిపెట్టుకోవడం లేదు. తెలుగులో కూడా ఆ తేడా నిలబడాలి. ‘ప్రైమరీ’ అంటే ఇక్కడ ‘మొదటి’ కాదు, ‘ప్రాథమిక’ కూడా కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా చూసేది అని.

---

పలకబలపం
మంగళవారం, రాత్రి 8:15

రాత్రిడ్యూటీ గారు చెప్పిన పెద్దావిడ సంగతి నిన్నటి నుంచి మనసులో తిరుగుతోంది. ఆ పత్రానికి ‘పర్యవసానం’ వద్దు, ఒప్పుకుంటున్నాను. తరగతి గదిలో మాత్రం వదులుకోను. అక్కడ అది పారిభాషిక పదం, దానికి నిర్వచనం పక్కనే ఉంటుంది.

మందులచీటి గారి ఉదాహరణ చూశాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1988లో జోనథన్ బేరన్, జాన్ హెర్షీ అనే పరిశోధకులు ‘అవుట్‌కమ్ బయాస్’ మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఒకే నిర్ణయం, ఒకే సమాచారం. కానీ చివర్లో మంచి జరిగిందని చెబితే నిర్ణయం సరైనదని, చెడు జరిగిందని చెబితే తప్పని జనం తీర్పిచ్చారు. ఇదీ మాట తేడానే. చివరికి జరిగినదాన్ని నిర్ణయానికి ‘ఫలితం’ అనుకుంటాం. అందులో అదృష్టం పాలు ఎంతో విడదీయం. నాణెం బొమ్మ పడితే వేసినవాడి గొప్పతనం కాదు కదా.

---

మాటలమూట
మంగళవారం, రాత్రి 9:40

అందరూ నామవాచకం కోసమే వెతుకుతున్నారు. తెలుగు ఈ పనిని క్రియతో చేస్తుంది.

“చివరికి ఏం తేలింది?” ఇది చాలు. ‘అవుట్‌కమ్’ అంటే బయటికి రావడం అయితే, తేలడం అంటే నీళ్ల పైకి రావడం. రెండు భాషలూ దాదాపు ఒకే బొమ్మ గీశాయి. తేలడంలో కూడా కారణం గురించి మాట లేదు. చర్చల్లో ఏం తేలింది, కేసు ఎటు తేలింది, పంచాయితీ తేలలేదు, ఇవన్నీ మనం రోజూ అనేవే. కేసు విషయమే చూడండి. ‘తీర్పు’ అంటే న్యాయమూర్తి చెప్పింది. తీర్పు దాకా వెళ్లకుండా రాజీ కుదరొచ్చు, కేసు వెనక్కి తీసుకోవచ్చు. వీటన్నిటినీ కలుపుకునేది ‘కేసు ఏమైంది’ అన్న ప్రశ్న. ఇంగ్లీషువాళ్లు ‘అవుట్‌కమ్ ఆఫ్ ది కేస్’ అనేది దాన్నే.

ఇంకోటి ‘ఒరగడం’. “ఇంత చేస్తే ఒరిగిందేమిటి?” గ్రామదర్శి గారి రెండో గడికి ఇది సరిగ్గా అతుకుతుంది.

---

గ్రామదర్శి
బుధవారం, ఉదయం 8:00

‘తేలింది’ చాలా బాగుంది మాటలమూట గారూ. ‘ఒరిగింది’ మాత్రం నేను వాడలేను. “ఏం ఒరిగింది?” అని అడిగామంటే ఏమీ ఒరగలేదని ముందే అన్నట్టు. ఆ మాటలో నిష్ఠూరం ఉంది. నివేదిక పట్టికలో పెడితే మా పని మీద మేమే నింద వేసుకున్నట్టు అవుతుంది. ‘ఒనగూరింది’ అంటే మేలు వైపు మొగ్గుతుంది. చెడు మార్పు వస్తే దాన్ని ఆ గడిలో రాయలేం.

---

మాటలమూట
బుధవారం, ఉదయం 8:35

నిజమే. ‘ఒరిగింది’ వెనక్కి తీసుకుంటున్నాను.

---

నిఘంటువు_ప్రియ
బుధవారం, ఉదయం 10:10

‘తేలింది’లో ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వాడాలి. “మందు పనిచేస్తుందని తేలింది” అంటే రుజువైందని అర్థం. అది ‘అవుట్‌కమ్’ కాదు, ‘ఫైండింగ్’. “ఏం తేలింది” అని ప్రశ్నగా ఉన్నప్పుడు మాట ఖాళీగా ఉంటుంది, ఏ జవాబైనా పడుతుంది. “అని తేలింది” అనగానే గట్టిపడుతుంది. అంచేత వెన్నెల గారి పత్రంలో అధ్యయనం అయిపోయాక చెప్పే సంగతుల దగ్గర ‘తేలింది’ వాడొచ్చు. ముందుగా ఏం చూస్తారో చెప్పే చోట ‘గమనిస్తాం’, ‘లెక్క చూస్తాం’ అన్నవే నయం.

‘పరిణామం’ గురించి ఎవరూ మాట్లాడలేదు. దాని మూలార్థం మార్పు చెందడం. ఒకటి ఇంకోటిగా మారడం. జీవపరిణామం అనేది అందుకే. పత్రికల్లో “తాజా పరిణామాలు” అంటే ఇంకా నడుస్తున్న సంగతులు, ‘డెవలప్‌మెంట్స్’. ఇంకా నడుస్తున్నదాన్ని ‘అవుట్‌కమ్’కి వాడితే ముగింపు పోతుంది. “తీవ్ర పరిణామాలు ఉంటాయి” అంటే మళ్లీ బెదిరింపు.

---

కొత్తగా_నేర్చుకుంటున్నా
బుధవారం, మధ్యాహ్నం 1:15

చదువులో ‘లెర్నింగ్ అవుట్‌కమ్స్’ని ‘అభ్యసన ఫలితాలు’ అంటారు కదా. అది కూడా తప్పేనా?

---

పలకబలపం
బుధవారం, సాయంత్రం 4:30

తప్పు కాదు. అక్కడ కారణం తెలుసు, నేర్చుకోవడం. పండు ఏ చెట్టుదో సందేహం లేదు. అక్కడ వచ్చే తప్పు వేరు. ‘అభ్యసన ఫలితాలు’ అని శీర్షిక పెట్టి, కింద “భిన్నాల పాఠం పూర్తి చేయడం” అని రాస్తారు. అది టీచరు చేసిన పని. “రెండు భిన్నాల్లో ఏది పెద్దదో పోల్చి చెప్పగలుగుతారు” అని రాస్తే అది పిల్లవాడికి వచ్చింది. గ్రామదర్శి గారి ‘మేం’, ‘వాళ్లలో’ పరీక్ష ఇక్కడ కూడా పెట్టొచ్చు. రేపటి నుంచి నా పాఠ్యప్రణాళికలో పెడతాను.

---

వెన్నెల_అనువాదం
గురువారం, రాత్రి 10:05

అందరికీ నమస్కారాలు. పదకొండు చోట్లూ మళ్లీ రాశాను. ఏ రెండు చోట్లా ఒకే మాట పెట్టాలని పట్టుబట్టలేదు. ‘రిజల్ట్’ ఉన్న చోట, అంటే రక్తపరీక్షల దగ్గర, ‘ఫలితాలు’ అలాగే ఉంచాను. నన్ను భయపెట్టిన వాక్యం రెండుసార్లు మారింది.

మొదట: “ఈ అధ్యయనం ప్రధాన ఫలితం: ఆరు నెలల లోపు గుండెపోటు.”

తర్వాత: “ఈ అధ్యయనంలో ముఖ్యంగా గమనించే అంశం ఆరు నెలల లోపు గుండెపోటు రావడం.”

ఇది కూడా మా అమ్మకి చదివి వినిపిస్తే, “రావడం అంటున్నావు, వస్తుందనా?” అంది. ‘రావడం’లో వస్తుందనే ధ్వని ఇంకా మిగిలిపోయింది. అందుకని:

“ఈ అధ్యయనంలో చేరినవాళ్లలో ఆరు నెలల లోపు ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, వస్తే ఎంతమందికి వచ్చింది అన్నది ముఖ్యంగా లెక్క చూస్తాం. కొత్త మందు తీసుకున్నవాళ్లనీ, తీసుకోనివాళ్లనీ పోల్చి చూస్తాం. అధ్యయనం పూర్తయ్యాక ఏం తేలిందో మీకు చెబుతాం.”

పొడుగైంది, తెలుసు. మూలంలో ఒక్క లైను, నాది మూడు వాక్యాలు. ఎవరైనా ఇంకోసారి చూసి చెప్పగలరా?

---

రాత్రిడ్యూటీ
గురువారం, రాత్రి 11:30

పొడుగు కాలేదు. ఇప్పుడు మేం నోటితో విడమరచి చెప్పేది కాగితం మీదికి వచ్చింది.

ఒక్క మార్పు. “మీకు చెబుతాం” అని రాయాలంటే నిజంగా చెప్పే ఏర్పాటు ఉండాలి. మూలంలో ఆ మాట ఉందేమో చూసుకోండి. లేకపోతే తీసేయండి, లేదా అధ్యయనం చేసేవాళ్లని అడిగి ఖాయం చేసుకున్నాకే ఉంచండి.

---

వెన్నెల_అనువాదం
శుక్రవారం, ఉదయం 9:15

చూశాను. మూలంలో లేదు, నేనే చేర్చాను. వాళ్లని అడుగుతూ ఇప్పుడే రాశాను. జవాబు వచ్చేదాకా ఆ వాక్యం తీసి పక్కన పెట్టాను.